కొత్తగూడ దగ్గర ఆగిపోయే బండి

ముందే చెప్పేస్తున్నాను, ఆ బండి కొన్నది నేనే. ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న పాత మోటార్‌సైకిల్‌ని చూసి, "అచ్చం మా నాన్న బండే!" అని చిన్నపిల్లాడిలా గంతేశాను. నాన్న బండి ఎప్పుడో తుక్కు కింద పోయింది, ఆయన పోయిన ఏడాదే. ఇదీ అదే మోడల్, అదే నలుపు. అమ్మేవాడు "కిక్ కొట్టి చూడండి సార్" అన్నాడు. కొట్టాను, స్టార్టయింది. ఇంకేం అడగలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ రోజు నా బుర్ర ఏ గడ్డి మేయడానికి వెళ్ళిందో తెలియదు.

ఆ బండి కోసం నా భార్య స్కూటీ అమ్మించాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆమె మాదాపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. అప్పటికి చేరి నాలుగు నెలలే. ఆరు నెలలు ఏ మచ్చా లేకుండా గడిస్తే పర్మనెంట్ చేస్తారు. ఉదయం ఎనిమిదింటి డ్యూటీ అంటే ఎనిమిదికి పది నిమిషాల ముందే వార్డులో ఉండాలి. రాత్రంతా చూసుకున్న నర్సు ఒక్కో పేషెంటు సంగతీ చెప్పి, అప్పజెప్పి, అప్పుడు ఇంటికి వెళుతుంది. "మా ఆఫీసూ అటే కదా, రోజూ నేనే దింపుతాను" అన్నాను. ఆమె స్కూటీ తాళం నా చేతిలో పెడుతూ "ఆలస్యం మాత్రం కాకూడదండీ, ఇన్‌ఛార్జి సిస్టర్ ప్రతిదీ రాసి పెడుతుంది" అంది. "నేనున్నానుగా" అన్నాను, పెద్ద మొనగాడిలాగా.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు బండి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, నాన్న బండికుండే బైబిలు వాక్యం రేకును దానికి బిగించడం. అది నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో నాన్న స్వయంగా కుంచె పట్టి రాసుకున్నది. తుక్కువాడికి బండి ఇచ్చేముందు ఊడదీసి దాచుకున్నాను. నాన్న దాన్ని బండి వెనక కట్టుకునేవాడు, వెనకాల వచ్చేవాళ్ళు చదువుకుంటారని. నాకది చాలలేదు. ఎదురుగా వచ్చే ప్రతి కారువాడికీ కనపడాలనుకున్నాను. అందుకని ముందు లెగ్ గార్డుకు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఇంజన్‌కు అడ్డంగా బోల్టులు వేసి బిగించాను. బురద చిమ్మకుండా దాని కింద రెక్సిన్ గుడ్డ కూడా వేలాడదీశాను. ఎంత తెలివో చూడండి!

హఫీజ్‌పేట్‌లో మా ఇంటి నుంచి కొండాపూర్ దాకా బండి బంగారంలా వెళ్ళేది. కొత్తగూడ దగ్గరికి వచ్చేసరికి ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు మొదలయ్యేది. కాలిన నూనె వాసన. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా లాగేది కాదు. ఒక్కసారిగా ఆగిపోయేది. మోకాలికి సెగ తగిలేది. తర్వాత ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకదు, పలకదు. పావుగంట రోడ్డు పక్కన పెట్టి చల్లారిస్తే అప్పుడు ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. వెనక హారన్లు, బస్సుల పొగ, క్యాబ్‌వాడి తిట్లు. మా ఆవిడ యూనిఫారం మీద చున్నీ కప్పుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి గడియారం చూసుకునేది. ఆమె గడియారం చూసుకున్నప్పుడల్లా నాకు మంటెత్తిపోయేది. "చూస్తే ముల్లు వెనక్కి వెళుతుందా?" అని నడిరోడ్డు మీద అరిచాను ఒకసారి. ఆమె చెయ్యి కిందికి దించేసుకుంది.

మొదటి వారంలోనే మా వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. నల్గొండ వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. బండి ముందు కూర్చుని రేకును వేలితో తాకి, ఆ వేలు కళ్ళకద్దుకున్నాడు. ఏ దేవుడైనా దేవుడేనని అతని లెక్క. తర్వాత వంగి, రేకు వెనక ఇంజన్ చుట్టూ ఉన్న రెక్కల్లోకి చూసి, "సార్, ఈ బండికి నీళ్ళు గీళ్ళు ఉండయి. గాలి తగిలితేనే సల్లబడ్తది. ముందుగాల గీ రేకు..." అన్నాడు.

"రేకు జోలికి రాకు" అన్నాను.

"గట్ల కాదు సార్, జర ఎనకకు పెట్టుకుంటే..."

"నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకో మెకానిక్‌ని చూసుకుంటాను. మా నాన్న రాసింది అది. నువ్వెవరు తియ్యమనడానికి?"

చుట్టుపక్కల నలుగురూ తిరిగి చూశారు. అతను లేచి నిలబడి, "సరే సార్, మీ ఇష్టం" అన్నాడు. ఆ తర్వాత రేకు మాట ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోనొస్తే నేను వీధిలోకి వెళ్ళాను. నాతో వచ్చిన మా ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది.

ఇక మొదలైంది నా పరిశోధన. నెట్‌లో చదివాను, వీడియోలు చూశాను, ఆఫీసులో పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళను వేధించాను. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ వెళుతోందన్నారు. కార్బొరేటర్ విప్పించి కడిగించాను. ఆయిల్ పల్చబడిందన్నారు; చిక్కటిది పోయించాను. ప్లగ్గు మార్పించాను. వాల్వుల సందు సరిచేయించాను. వెనక బ్రేకు పట్టేసి ఇంజన్ మీద బరువు పడుతోందేమోనని చక్రం విప్పించాను. ప్రతిసారీ మెకానిక్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ప్రతిసారీ రేకు పక్కనుంచి చెయ్యి దూర్చి, మెలికలు తిరిగి పని చేశాడు తప్ప దాన్ని విప్పలేదు. దేవుడి పేరున్న రేకు మీద పానా పెట్టడు. మర్నాడు పొద్దున మళ్ళీ కొత్తగూడ, మళ్ళీ టకటక.

పావుగంట ముందే బయల్దేరి కొన్ని రోజులు గట్టెక్కాం. అయినా మా ఆవిడకు మొదటి ఆలస్యం రాశారు. రెండోది రాశారు. మూడోసారి ఇన్‌ఛార్జి సిస్టర్ గదిలోకి పిలిచి, ఇంకొక్కసారి జరిగితే పర్మనెంట్ సంగతి మర్చిపొమ్మంది. ఆ సాయంత్రం ఆమె "రేపటి నుంచి నేను ఆటోలో వెళ్తానండీ" అంది. నేను పళ్ళెం తోసేశాను. "అంటే నా వల్ల కాదనేగా? ఒక్క బండి బాగు చేయించలేని దద్దమ్మనా నేను?" అన్నాను. ఆమె "సరే, బండి మీదే వెళ్దాం" అంది. నేను గెలిచాను.

ఆమెకు ఆరు నెలలు నిండబోయే వారంలో నాలుగోసారి ఆలస్యమైన రోజు, బండి ఆగేసరికి టైము ఎనిమిదికి ఇరవై తక్కువ. ఆటో ఒక్కటీ ఆగలేదు. ఆమె సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. కాసేపటికి పరుగందుకుంది. ఫ్లైఓవర్ కిందనుంచి ఆమె తెల్ల బూట్లు కనపడినంతసేపూ చూశాను. తర్వాత బండి చల్లారాక ఆఫీసుకు పోలేదు. నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను, తిట్టడానికి.

తిట్టాను కూడా. దొంగవన్నాను, నా భార్య ఉద్యోగం పోతే నీదే బాధ్యత అన్నాను. నోటికి ఎంతొస్తే అంత అన్నాను. అతను చేతులు గుడ్డతో తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. లోపలికి వెళ్ళి పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రేకు మీరే ఇప్పుండ్రి సార్. మీ నాయిన చెయ్యి పడ్డ రేకు, నేను ముట్ట. ఇప్పి, కొత్తగూడ దాంక పోయి రాండ్రి. మల్ల బండి ఆగితే నన్ను చెప్పుతోని కొట్టుండ్రి."

పంతానికే విప్పాను. రేకు వెనక, రెక్సిన్ వెనక, ఇంజన్ రెక్కలు మాడిన పెనంలా నల్లగా ఉన్నాయి. కొత్తగూడ కాదు, గచ్చిబౌలి దాకా వెళ్ళాను. నడి ట్రాఫిక్‌లో రెండుసార్లు కావాలని ఆగాను. బండి ఎక్కడా మొరాయించలేదు. టకటక లేదు. సంతోషించాలి కదా? హెల్మెట్‌లోపల నన్ను నేను బండబూతులు తిట్టుకుంటూ తిరిగొచ్చాను.

"ఇంత తెలిసినవాడివి, గట్టిగా చెప్పి చావొచ్చు కదయ్యా!" అన్నాను. అప్పుడు కూడా కోపం అతని మీదే.

"చెప్పిన కద సార్. మీరు ఇనలే. మీరు ఫోన్ల ఉంటే మేడంకు గూడ చెప్పిన, రేకు తీస్తే అయిపోతది, మీరన్న చెప్పమ్మా అని. నేను చెప్పలేను అన్నా, అన్నది మేడం."

నాకు ఆ మాట సగమే ఎక్కింది. ఇంటికెళ్ళి కూర్చున్నాక మిగతా సగం ఎక్కింది. మొదటి వారంలోనే ఆమెకు తెలుసు. నాలుగు ఆలస్యాలకూ ముందే తెలుసు.

సాయంత్రం ఆమె వచ్చి, సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పర్మనెంట్ చేయలేదు. ఇంకో ఆరు నెలలు చూస్తారట. ఏడవలేదు. కాళ్ళకు బొబ్బలెక్కాయేమో, కూర్చుని మెల్లగా మేజోళ్ళు విప్పుకుంటోంది.

"రేకు సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

ఆమె రెండో మేజోడు విప్పబోతూ ఆగింది. నన్ను నొప్పించాలని కాదు, నిజంగానే సరైన జవాబు కోసం వెతుక్కుంది. "ఆలస్యమైతే సిస్టర్ రెండు నిమిషాలు తిడుతుంది, తర్వాత పనిలో పడిపోతాం. మీకు చెబితే నాలుగు రోజులు ఇంట్లో గిన్నె చప్పుడైనా భయంగా ఉంటుందండీ. ఏది తేలికైతే అది చేశాను" అంది.

"ఏమన్నావ్?" అంటూ లేచాను. నా గొంతు పెరగడం నాకే వినపడింది.

ఆమె అప్పటికే లేచి, ఒక కాలికి మేజోడు ఉండగానే వెళ్ళి, పక్కింటివాళ్ళకు వినపడకుండా కిటికీ తలుపులు మూస్తోంది.