అంగుళం దాటిన చక్రం

2006 నవంబరు, శుక్రవారం సాయంత్రం. బిష్టుపూర్‌లో నా కొరియర్ కౌంటరు. హాజరైనవారు: నేను, నా ప్యాకరు మహతో, భుయ్యాడీహ్ నుంచి వచ్చిన పద్మ, ఆమె తండ్రి సూర్యనారాయణ మేస్త్రి. డైరీలో ఆ రాత్రి ఇంతవరకే రాశాను. మిగతాది మర్నాడు మధ్యాహ్నం గాని రాయలేకపోయాను.

అప్పట్లో విదేశాలకు పార్సిళ్లు పంపే కౌంటర్లు హిందీ మాట్లాడే మా ఉక్కు పట్టణంలో తక్కువ. ఎక్కువగా ఊరగాయలు, మందులు, పెళ్లి చీరలు వచ్చేవి. ఇంటర్నెట్‌లో వేలానికి పెట్టి సరుకు అమ్మే మనిషి నాకు పద్మ ఒక్కతే. ఆమె భర్త కాంట్రాక్టు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. పరిహారం కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, సిద్ధగోరాలో ఒక ఇంటర్నెట్ దుకాణంలో కూర్చుని ఈ అమ్మకం నేర్చుకుంది. అమ్మేది తండ్రి చేసిన చెక్క ప్యాటర్న్‌లు.

ప్యాటర్న్ అంటే ఇనుప భాగాన్ని పోత పోయడానికి ముందు చెక్కతో చేసే నమూనా. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడే గుంటలో కరిగిన లోహం పోస్తారు. సూర్యనారాయణ మేస్త్రి ఆదిత్యపూర్‌లో ఒక ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పని చేశాడు. ఫౌండ్రీ మూతపడ్డాక ప్యాటర్న్‌లన్నీ వంటచెరకు కింద అమ్ముతుంటే, తన చేత్తో చేసినవి ఏరుకుని ఠేలా బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. విదేశాల్లో వాటిని గోడలకు అలంకారంగా తగిలించుకుంటారని పద్మ కనిపెట్టింది. ఒక్కొక్కటిగా అన్నీ వెళ్లిపోయాయి. చివరికి మిగిలింది పెద్ద పళ్ల చక్రం. రోలింగ్ మిల్లు గేరు కోసం వయసులో ఉన్నప్పుడు చేసినది. బెల్జియంలో ఒక హోటలు యజమాని కొన్నాడు.

వేలానికి పెట్టేముందు ఆమె నాకు ఫోను చేసి పెట్టె కొలతలు చెప్పింది. విమానంలో వెళ్లే సరుకుకు రెండు బరువులు ఉంటాయి. ఒకటి కాటా మీద తూగేది. రెండోది పెట్టె ఆక్రమించే చోటును బట్టి లెక్కగట్టేది, దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. ఇది పద్మకు బాగా తెలుసు. అదంతా కలిపే నేను ధర చెప్పాను, ఆమె అదే ధర కొనేవాడికి చెప్పింది. పెట్టెలో ఏ పక్కా నాలుగడుగులు దాటకూడదని కూడా చెప్పాను. దాటితే అది ఓవర్‌సైజ్. పార్సిల్ కాస్తా కార్గో అయిపోతుంది, ఛార్జీ మూడింతలవుతుంది. "దాటదు బాబాయి గారూ. పావంగుళం తక్కువే ఉంది. నాన్నే కొలిచారు" అంది.

శుక్రవారం పెట్టె వచ్చింది. మహతో టేపు పట్టాడు. మళ్లీ పట్టాడు. నావైపు చూసి, "దాదా, యే తో బాహర్ హై" అన్నాడు.

కొలత దాటిందంటున్నాడని నేనూ కొలిచాను. ముప్పావంగుళం ఎక్కువ.

"మీ టేపు సాగిపోనాదేమో సూడండి బాబూ" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. "మా ఫౌండ్రీలో నా కొలత తప్పని ఒక్కడన్నాడా?"

సంచిలోంచి తన ఇనుప స్కేలు తీసి పెట్టె మీద పెట్టాడు. ఆ స్కేలు ప్రకారం పావంగుళం తక్కువే. అప్పుడు మహతో టేపును ఆ స్కేలు పక్కన పరిచాడు. మొదట్లో గీతలు కలిశాయి. పోనుపోను విడిపోయాయి.

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. మాకంటే ముందే ఆయనకు తెలిసింది.

అది కాంట్రాక్షన్ స్కేలు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేకుండా వాళ్ల స్కేళ్ల మీద అంగుళాన్నే కాస్త పొడుగ్గా గీస్తారు. దాంతో బజారు పెట్టెను కొలిస్తే ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది.

"ఇంట్లో ఉన్నది ఇదొక్కటే బాబూ" అన్నాడు. "దీంతోనే బతికీసినాను. ఇంకో అంగుళం ఉంటాదని మర్సిపోనాను."

"అందుకేనా, మన మంచానికి ఏ పరుపు కొన్నా పొట్టయిపోద్ది?" అంది పద్మ. ఎవరమూ నవ్వలేదు. ఆమె కూడా.

కాసేపటికి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ముప్పావంగుళమే కదా బాబాయి గారూ. బిల్లు మీద నాలుగడుగులనే రాసీయండి. ఎవడు సూత్తాడు?"

"పార్సిళ్లన్నీ చేరే కలకత్తా హబ్‌లో మళ్లీ కొలుస్తారమ్మా. అక్కడ ఆపేస్తే పెట్టె కదలదు. అప్పుడు నీకు ఇటూ ఉండదు, అటూ ఉండదు."

"పెట్టె తగ్గిద్దాం మరి."

మహతో తల అడ్డంగా ఊపాడు. లోపల పళ్ల చుట్టూ ఉన్న మెత్త తీసేస్తే దారిలో పళ్లు విరుగుతాయి. ఆమె పంపినవాటిలో ఒకటి అలాగే విరిగి వేలం సైటులో ఆమె పేరున ఫిర్యాదు నమోదైంది. ఇంకొకటి ఆలస్యమై రెండోది. ఈ అమ్మకం రద్దు చేసినా, పంపాల్సిన గడువు శనివారం దాటినా మూడోది పడుతుంది, ఖాతా మూసేస్తారు. మూడింతల ఛార్జీ సొంతంగా కట్టుకుంటే చక్రం ఊరికే ఇచ్చి పైన ఎదురు డబ్బు పెట్టినట్టు. అంత ఆమె దగ్గర లేదు.

నా కంప్యూటరులో కూర్చుని కొనేవాడికి రాసింది, తేడా కొంత భరించగలరా అని. టీ తాగుతుండగానే జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. ఒప్పుకున్న ధర ఒప్పుకున్నదే అని, తన హోటలు ప్రారంభం దగ్గరపడిందని రాశాడు.

మేస్త్రి స్టూలు మీదనుంచి లేవకుండానే అన్నాడు. "రెండు సెక్కలు సేసి పంపితే తీసుకుంతాడేమో అడుగు."

"ఏటి నాన్నా నువ్వనేది?"

"అడుగమ్మా."

"అడగను. ఖాతా పోతే పోనీ."

"పోతే ఎల్లుండి ఏటి తింతావు? ఏటి అమ్ముతావు, నన్నమ్ముతావా?"

"అమ్మ పోయిన రోజున కూడా దీన్నే తుడుసుకుంటూ కూకున్నావు. ఇప్పుడు కోసీమంటావా?"

ఆయన కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు. ఆమె రాసింది. అవతలి నుంచి వెంటనే ఒక్క వాక్యం వచ్చింది. పద్మ చదివి లేచిపోతే నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది: గోడకు తగిలించేదే కదా, ఎన్ని ముక్కలైనా ఫర్వాలేదు, కలిపితే చాలు.

"ఆధా కాటేగా తో భీ లంబాయీ ఉత్నీ హీ రహేగీ, చాచా" అన్నాడు మహతో. నిజమే. సగానికి కోసినా పొడవు అంతే ఉంటుంది. నాలుగు ముక్కలు చెయ్యాలి.

"నాలుగు" అన్నాడు మేస్త్రి. లేచి పెట్టెకు ఒక పక్క తనే చెయ్యి వేశాడు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు రెండో పక్క పద్మను తప్ప ఇంకెవరినీ పట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత కౌంటరు నడిపినన్నాళ్లూ ఫోనులో కొలతలు విని ధర చెప్పలేదు. సరుకు తెమ్మనేవాణ్ణి, లేదా మహతోని టేపిచ్చి పంపేవాణ్ణి. ఎదుటివాళ్లు అబద్ధం చెబుతారని కాదు. ఒకడు జీవితమంతా నమ్మిన కొలత ఇంకొకడి బల్ల మీద పనికిరాకపోవచ్చు. ఆ తేడా బయటపడేసరికి ధర చెప్పేసి ఉంటాం, వెనక్కి తీసుకోలేం. ఈ వృత్తి నాకు నేర్పినదాంట్లో ఖరీదైన పాఠం ఇదే. ఆ ఖరీదు నేను కట్టలేదు.

శనివారం పొద్దున్న షట్టరు ఎత్తేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. పద్మ కళ్లు ఉబ్బి ఉన్నాయి. పాత చీరల్లో చుట్టిన నాలుగు ముక్కల్ని మేస్త్రి నేల మీద పరిచి, చెక్క పిన్నులతో ఒకదానికొకటి కలిపాడు. చక్రం మళ్లీ చక్రమైంది. కోసిన చోటు వెతికితే గాని కనిపించలేదు.

"కుఛ్ పతా హీ నహీ చల్తా" అన్నాడు మహతో.

"నాకు తెలుత్తాది" అన్నాడు మేస్త్రి. అతుకు మీద బొటనవేలు పెట్టాడు. "రంపం తిన్నంత సెక్క పోనాది. దీన్ని ఇసకలో పెట్టి పోత పోత్తే పక్క గేరుతో పల్లు కలవవు. మిల్లు తిరగదు."

"ఇప్పుడెవరు పోత్తారు నాన్నా?" అంది పద్మ.

"ఎవలూ పొయ్యరు. నిన్నటిదాకా పొయ్యొచ్చు."

పిన్నులు తీసి తనే ముక్కలు అందించాడు. మహతో పేర్చి, మెత్త పెట్టి, మూత వేశాడు. టేపు పట్టాను. ఏ పక్కా నాలుగడుగులకు దగ్గరగా కూడా రాలేదు. చెప్పిన ధరలోనే సరిపోయింది. పద్మ గట్టిగా ఊపిరి వదిలింది.

ముందురోజు నేను రాసి ఉంచిన ఎయిర్‌వే బిల్లు, అంటే సరుకుతో పాటు వెళ్లే కాగితం, కౌంటరు మీదే ఉంది. సరుకు వివరం దగ్గర చెక్క ఫౌండ్రీ ప్యాటర్న్ అని ఉంది. కొలతలు మారాయి కాబట్టి కొత్తది రాయాలి. ఆ గడి దగ్గరికి వచ్చి కలం ఆపాను.

"ఏటి రాత్తన్నారు బాబూ?" అన్నాడు మేస్త్రి.

"ముందు రాసిందే."

"అది రాయకండి. అబద్ధమైపోద్ది."

గోడకు తగిలించే చెక్క వస్తువు అని రాశాను. చదవమన్నాడు. చదివి తెలుగులో చెప్పాను.

"ఆఁ, అదే" అని స్కేలు సంచిలో పెట్టుకున్నాడు. పద్మ సంతకం చేసింది.