ఒడ్డు మీద రికా

కొలోన్‌లో పెద్ద చర్చి మెట్లెక్కుతూ రికా వెనక్కి తిరిగి చూసేసరికి మొగుడు లేడు. ఆమె కంగారు పడలేదు, ఎవర్నీ అడగనూ లేదు. ఏ ఊళ్లో తప్పిపోయినా లేండర్ట్ దొరికే చోటు ఒక్కటే, ఏటి ఒడ్డు. నలభై ఏళ్లపాటు ఆ చర్చి జంట శిఖరాలు వాళ్ల పడవ కిటికీలోంచి వస్తూ పోతూ కనబడ్డాయి. ఎప్పుడూ సరుకు దించే తొందరే, లోపలికి అడుగు పెట్టింది ఒక్కసారీ లేదు. ఇప్పుడు తీరిగ్గా చూద్దామని పనిగట్టుకుని వస్తే, రంగుటద్దాల వెలుగులో రికా ఒక్కతే తిరగాల్సి వచ్చింది. బయటికొచ్చి రేవుకి వెళ్తే ఆ పెద్దమనిషి గట్టు మీది కమ్మీలకు చేతులానించి, ఎగువకి పోతున్న బొగ్గు పడవను కళ్లార్పకుండా చూస్తున్నాడు. లోపల ఎంత బాగుందో ఆమె చెప్పబోతే, బయట్నుంచి బోలెడుసార్లు చూశాగా అన్నాడు. ఆ మాటకి ఆమెకు ఒళ్లు మండింది.

రికా వెర్కెండమ్‌లో రొట్టెల దుకాణం వాళ్ల పిల్ల. నేల మీద పుట్టి, నేల మీద పెరిగింది. పంతొమ్మిదేళ్లకి లేండర్ట్‌ను చేసుకుని అతని పడవెక్కింది. ఆ ఇనప సరుకు పడవకి అతను ఆమె పూర్తి పేరే పెట్టాడు, హెండ్రికా అని. వెనక భాగంలో రెండు గదులూ వంటిల్లూ, పైన చుక్కాని గది, ముందంతా సరుకు. పెళ్లయిన మరుసటేడాదికే చుక్కాని పట్టడం నేర్చుకుంది, తర్వాత సరంగు పరీక్ష కూడా ప్యాసైంది. బిడ్డ పుడితే నీళ్లలో పడిపోకుండా దాని నడుముకి తాడు కట్టి గిన్నెలు కడుక్కుంది. ఆ బిడ్డ మార్లూస్‌కి ఆరేళ్లు నిండగానే, పడవవాళ్లందరి పిల్లల్లాగే, ఒడ్డు మీద హాస్టల్లో దింపారు. మొదటి ఆదివారం సాయంత్రం పడవ కదిలినప్పుడు ఆ పిల్ల రేవులో నిలబడి చూసిన చూపు రికాకి ఇప్పటికీ గుర్తే. ఆ పిల్ల ఏడవలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

పోయిన శరదృతువులో లేండర్ట్ మోకాళ్ల పుణ్యమా అని పడవ అమ్మేశారు. కొన్నవాడు యోరిట్ అనే కుర్రాడు, వీళ్లకి బాగా తెలిసిన వాళ్ల అబ్బాయే. ఊళ్లో చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంట్లో లేండర్ట్ ఆ చలికాలమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మంచం కదలకపోతే నిద్ర పట్టదని గొణిగేవాడు. గాలి మారినప్పుడల్లా లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు, అక్కడ లంగరేమైనా ఉన్నట్టు. చివరికి రికాయే ఒక మాట అంది. నలభై ఏళ్లు నీ వెంట నీళ్ల మీద తిరిగాను, ఈ ఒక్క వేసవీ నా వెంట నేల మీద తిరుగు అని. కిటికీలోంచి చూసిన ఊళ్లన్నీ నడిచి చూద్దాం, వచ్చాక ఇద్దరం కుదురుగా ఒడ్డునే ఉందాం అంది. అతను సరేనన్నాడు. ఇద్దరం ఒడ్డునే అన్న మాటను ఆమె గట్టిగా పట్టుకుంది.

అలా బయల్దేరారు, ఒకప్పుడు ఒడ్డు పనుల కోసం పడవ పైకప్పు మీద వేసుకు తిరిగిన పాత కార్లోనే. తీరిగ్గా అన్నది పేరుకే. కొలోన్‌లో మూడు రోజులుండాల్సింది రెండో రోజే సామాను సర్దించాడు. కోబ్లెంజ్‌లో చూడ్డానికేమీ లేదని మొదట్నుంచీ అన్నవాడే అక్కడ ఇంకో పూట, ఇంకో పూట అంటూ కదలనివ్వలేదు. కోట చూద్దామంటే మోకాళ్ల నొప్పి, రేవు చూద్దామంటే నొప్పి మాయం. భోజనాల దగ్గర ఫోన్ తీసి, ఏ పడవ ఏ మలుపులో ఉందో చూపించే పటం ముందేసుకుని కూర్చునేవాడు. చేప ముక్క చల్లారిపోతోందని రికా గుర్తు చెయ్యాల్సి వచ్చేది. పాపం, బెంగ పెట్టుకున్నాడనుకుని ఊరుకుంది. కానీ అతని గాభరా ఆమెకూ అంటుకుంది. ఏ బల్ల మీద కూర్చున్నా, ఇప్పుడే లేవమంటాడేమోనని సంచీ పట్టీ చేతికి చుట్టుకునే కూర్చునేది.

ఆమె అసలు చూడాలనుకున్నది బాఖరాఖ్‌లో ఉంది. ద్రాక్షతోటల కొండ మీద, ఊరికి పైన, కప్పులేని పాత చర్చి ఒకటి. గోడలూ కిటికీలూ మిగిలాయి, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. అక్కడ నది ఇరుకు, వడి ఎక్కువ, అడుగున రాళ్లు. చుక్కాని దగ్గరున్నా, తాళ్ల దగ్గరున్నా, ఆ చర్చిని ఒక్క క్షణానికి మించి చూసే వీలు ఎప్పుడూ చిక్కలేదు. ఒక్కసారైనా అక్కడికెక్కి, అలా పోయే పడవలు పైనుంచి ఎలా కనిపిస్తాయో చూడాలని ఆమె కోరిక. బంగాళదుంపలు తొక్క తీస్తూ ఎన్నిసార్లు ఆ మాట అందో. రేపు పొద్దున్నే ఎక్కుదాం అని ఆ ఊరు చేరిన రోజు లేండర్ట్ తనే అన్నాడు. ఆమెకు ఎక్కడలేని సంతోషం వేసింది.

పొద్దున సత్రం గదిలో రికా ఇంకా సగం నిద్రలోనే ఉంది. కింద నదిలో ఒక ఇంజను దగ్గి, తడబడి, అందుకుంది. ఆమె లేచి, చెప్పులేసుకుని, తలుపు తీసి, మెట్ల దగ్గరికి పోయి, తాళ్లు విప్పడానికి చేతులు కూడా చాచింది. అక్కడ తాళ్లు లేవు. సత్రం వాళ్ల పూలకుండీ ఉంది. అప్పటికి మెలకువ వచ్చింది. చల్లటి పొద్దుల్లో ఒక్కసారి దగ్గందే అందుకోని ఇంజను ఈ నది మీద ఒక్కటే ఉంది, వాళ్ల పాత పడవది. వెనక్కొచ్చి చూస్తే మంచం మీద లేండర్ట్ లేడు.

కిందికి దిగి వెళ్తే, రేవులో తన పేరున్న పడవ నిలిచి ఉంది. చుక్కాని గదిలో లేండర్ట్ కాఫీ తాగుతున్నాడు, పక్కన యోరిట్. యోరిట్ భార్య ఫెమ్కె నిండు గర్భంతో గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. రికాని చూసి ఆ పిల్ల సంబరంగా లేవబోయింది. లేండర్ట్ మాత్రం కప్పులోకి చూశాడు.

“బాబాయ్ మీకింకా చెప్పలేదా పిన్నీ?” అన్నాడు యోరిట్.

చెప్పలేదని అతనికి వెంటనే అర్థమైంది, కానీ అప్పటికే నోరు జారింది. ఇక మిగతాదీ చెప్పక తప్పలేదు. ఫెమ్కె కాన్పుకి ఒడ్డుకి వెళ్తుంది. బిడ్డను హాస్టల్లో వేసే ప్రసక్తే లేదని ముందే తెగేసి చెప్పింది, కాబట్టి ఇక అక్కడే ఉంటుంది. నెలలో సగం రోజులు పడవ మీద రెండో సరంగు కావాలి. ఆ పనికి లేండర్ట్‌ని అడిగాడు. పడవ మైంజ్ చేరాక జవాబిస్తానన్నాడట. అంటే ఈ ఊళ్ల వరస, ఇక్కడ తొందర, అక్కడ తాత్సారం, అన్నీ ఈ పడవ నడకను బట్టే జరిగాయి. ఊళ్లు చూద్దామని బయల్దేరిన ఆడమనిషిని, తను దిగిన పడవ వెంట తనకే తెలియకుండా తిప్పుకొచ్చాడు మొగుడు.

లేండర్ట్ నీళ్లు నమిలాడు. నెలలో సగమేగా అన్నాడు. మిగతా సగం నీతోనేగా అన్నాడు. రికా గొంతు పెంచలేదు.

“యోరిట్, ఇవాళ మైంజ్ దాకా నేను నడుపుతాను. ఫెమ్కె పడుకుంటుంది. పోయినేడాదే కళ్లు చూపించుకుని సరంగు పత్రం కొత్తది చేయించాను.”

“ఎప్పుడు?” అన్నాడు లేండర్ట్. పడవ అమ్మే ఏడాది ఎవరైనా పత్రం కొత్తది చేయిస్తారా అని అతని మొహంలో కనిపించింది.

“నువ్వు దిగు లేన్. కొండెక్కి ఆ చర్చి చూడు. అక్కణ్నుంచి పడవ ఎలా కనబడుతుందో చూసి సాయంత్రం మైంజ్ రేవులో నాకు చెప్పు.”

“అది నువ్వు చూడాలనుకున్నదే.”

“అవును. దిగు.”

అతను దిగాడు. తాడు యోరిట్ విప్పాడు. లేండర్ట్ రేవు మీద చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. పడవకీ రాతిగట్టుకీ మధ్య నీళ్లు వెడల్పవుతుంటే రికాకి మార్లూస్ గుర్తొచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది, ఇప్పుడు చూడలేదు. చూస్తే జాలి పడుతుంది, ఆ రోజు జాలి పడదల్చుకోలేదు.

ఊరు దాటాక మలుపులో దిగువకి వచ్చే ట్యాంకరు కనిపించింది. రికా నీలం పలక లేపింది, కుడి పక్కనుంచి పొమ్మని. అవతలివాడూ తన పలక లేపాడు. రెండు పడవలూ పక్కపక్కనుంచి జారిపోయాయి. ఒక్క క్షణం వీలు చిక్కి పైకి చూసింది. గోడలు కనిపించాయి, కిటికీల్లో ఆకాశం కనిపించింది, మనిషి ఉన్నాడో లేడో తెలియలేదు. ఆ తర్వాత దారి మీదే దృష్టి పెట్టాల్సి వచ్చింది. చుక్కాని పిడి అరచేతిలో ఇమిడి కూర్చుంది. ఇల్లు వదిలినప్పట్నుంచీ మెడలో బిగుసుకున్న నరమేదో సడలింది. ఆమెకు సంతోషంగా ఉంది. తనకి అంత సంతోషంగా ఉండటం ఆమెకేమీ నచ్చలేదు.

మైంజ్ రేవుకి లేండర్ట్ కార్లో ముందే వచ్చి ఉన్నాడు. యోరిట్ విసిరిన తాడు అందుకుని గట్టు మీది పొట్టి గుంజకి వేసి, దాని మీదే కూలబడ్డాడు. బూట్ల నిండా ద్రాక్షతోట మట్టి. కొండ దిగేటప్పుడు మోకాళ్లు నిజంగానే పట్టేసినట్టున్నాయి. రికా గట్టెక్కి ఎదురుగా నిలబడింది. ఎలా ఉందని అడిగింది.

“పడవంతా నా బొటనవేలంత ఉంది,” అన్నాడు. “నీ పేరు చదువుదామనుకున్నా, అక్షరాలు ఆనలేదు. చుక్కాని గది అద్దం ఒకసారి మెరిసింది. అంతే. నువ్వు కనబడలేదు రికా.”

అతను వంగి బూటు మట్టి గీక్కున్నాడు.

“మలుపు తిరిగిపోయాక కూడా అక్కడే నిలబడ్డా. ఎందుకో తెలీదు. పిల్ల అలా నిలబడేదన్నమాట, ప్రతి ఆదివారం.”

ఇన్నేళ్లలో ఆ ఆదివారాల గురించి అతను నోరెత్తడం అదే మొదటిసారి. రికా వంగి అతని చెయ్యి పట్టుకుంది. యోరిట్ దగ్గరికొచ్చి, అడగలేక అడగలేక, మరి ఆ విషయం అన్నాడు. లేండర్ట్ అతని వంక చూడకుండా, వేరే మనిషిని చూసుకో నాయనా అన్నాడు. కుర్రాడు మంచివాడు, సరే బాబాయ్ అని ఊరుకున్నాడు. తర్వాత నలుగురూ ఫెమ్కె వండిన బఠాణీల సూప్ తాగారు. పడవ మీద తాగిన సూపే, కానీ ఆ పూట చుట్టాల్లా తాగి దిగారు.

మర్నాడు పొద్దున్నే కారు వెనక్కి, బాఖరాఖ్ వైపు తిప్పాడు లేండర్ట్. నువ్వు చూడలేదుగా అన్నాడు. అతని మోకాళ్ల కోసం ప్రతి మలుపులోనూ ఆగుతూ కొండెక్కారు. రికా కప్పులేని చర్చిలోకి అడుగు పెట్టింది. ఆమె ఇన్నేళ్లు ఆశపడ్డ గోడలు చుట్టూ ఉన్నాయి, రాళ్ల సందుల్లో గడ్డి, ఎర్రరాతి కిటికీలు. ఆమె మాత్రం సూటిగా నది వైపున్న కిటికీ దగ్గరికి పోయి, కింద మలుపు తిరుగుతున్న ఒక పడవను చూస్తూ నిలబడింది.

“వాడు మలుపు బయటివైపుకి మరీ దగ్గరగా పోతున్నాడు,” అంది.

లేండర్ట్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“లేన్, నిన్న మైంజ్ వచ్చేసరికి నాకు దిగబుద్ధి కాలేదు.”

“తెలుసు.”

“పడవెక్కిన మొదటి రోజు నుంచీ ఒడ్డు ఒడ్డు అని ఏడ్చాను. ఇప్పుడు ఒడ్డు మీదుంటే కాళ్లు నిలబడట్లేదు. నీ మీద ఎగిరాను గానీ, నాకూ ఉంది ఆ రోగం.”

“పత్రం కొత్తది చేయించావన్నప్పుడే తెలిసింది,” అన్నాడతను.

ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి లేండర్ట్ ఒక ఉపాయం చెప్పాడు. నదికి వీపు పెట్టి కూర్చుందాం, ఎంతసేపు కూర్చోగలమో చూద్దాం అని. గోడ వారగా రాతి అరుగు మీద కూర్చున్నారు. ఆమె సంచీలోంచి రొట్టె, చీజు తీసింది. చేతికి చుట్టుకున్న సంచీ పట్టీని, కాస్త ఆలోచించి, విప్పి పక్కన పెట్టింది. ఎదురుగా గోడ మీద ఎండ పాకింది. బల్లి ఒకటి వచ్చి పోయింది. ఒక జంట వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లింది.

వెనక, కింద ఎక్కడో, ఏటికెదురుగా ఒక పడవ రాసాగింది. ఇంజను చప్పుడు, బరువు లాగే మూలుగు లేకుండా, రాళ్లకి తగిలి పైకొచ్చింది. రికా చేతిలో రొట్టె ఆగింది. లేండర్ట్ మెడ బిగుసుకుంది. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు. చప్పుడు సరిగ్గా తమ వెనక్కి వచ్చేదాకా ఓర్చుకున్నారు.

“ఖాళీది,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.