మా ఆవిడ చదివిన యోహాన్ ఉత్తరాలు

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకం నేను. కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరుని. ఒక చప్పుడు వస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో దొరికేదాకా వదలను. చిన్నప్పుడు మా మేనత్తకు పూనకం వస్తే పక్కనే కూర్చుని పల్లీలు తిన్నవాణ్ణి. అందుకని దీన్ని నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా పరువు పోయే సంగతులున్నాయి, వాటినీ దాచడం లేదు.

అప్పుడు మేము జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో ఉండేవాళ్ళం. పై అంతస్తులో మేము, కింద మా ఓనరమ్మ. ఎనభై దాటిన మనిషి, ఒంటరిది. మా ఆవిడ సౌజన్య హన్మకొండలో ఇంగ్లిష్ టీచరుగా చేసింది. ఇక్కడికొచ్చాక జర్మన్ పరీక్షలన్నీ పాసైంది కానీ ఉద్యోగం మాత్రం రాలేదు.

ఓనరమ్మ దగ్గర ఒక చెప్పుల డబ్బా నిండా పాత ఉత్తరాలున్నాయి. ఆవిడ ముత్తాత యోహాన్ వందేళ్ళకు పైగా కిందట అమెరికా పడమటి మైదానాలకు పోయి, ఇక్కడున్న భార్య మార్తాకు రాసినవి. పాతకాలపు చేతిరాత కావడంతో ఓనరమ్మకే చదవడం రాదు. సౌజన్య పట్టుదలగా సాయంత్రం క్లాసుకు వెళ్ళి ఆ లిపి నేర్చుకుంది. ఉత్తరాలన్నీ మామూలు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎత్తి రాసిస్తానని మాటిచ్చింది.

ఆదివారం భోజనాలయ్యాక ఒక ఉత్తరం తీసి, ముందు తెలుగులో చెబుతూ నాకు చదివి వినిపించేది. తర్వాత జర్మన్‌లో నోటుబుక్కులోకి ఎక్కించేది.

మొదట్లో నాకూ బాగానే ఉండేది. యోహాన్ రైలు పట్టాల కింద దుంగలు మోశాడు. గడ్డి వేళ్ళతో సహా మట్టిని ఇటుకల్లా కోసి ఇల్లు కట్టుకున్నాడు. చుట్టుపక్కల చెట్టన్నది లేక ఎండిన పేడ ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టాడు. అది చదివిన రోజు సౌజన్య ఎగిరి గంతేసింది. "పిడకలు! గాడ గూడ పిడకలేనట!" అని ఇల్లంతా తిరిగింది.

రాను రాను ఆ మనిషి మా ఇంట్లో మూడోవాడైపోయాడు. సౌజన్య ల్యాప్‌టాప్ తెరిస్తే యోహాన్ బతికిన నెబ్రాస్కా మ్యాపే. ఒకరోజు వాళ్ళక్కతో ఫోన్లో, "ఆయన గీ వారం బాయి తవ్వుతుండక్కా, ముప్పై అడుగులు పోయినా నీళ్ళు పడలే" అంటోంది. స్పీకర్లో వాళ్ళక్క, "మరిదికి బాయి తవ్వుడు గూడ వస్తదా?" అని ఆశ్చర్యపోయింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కుళ్ళు అంటే కుళ్ళే, వేరే పేరెందుకు పెట్టాలి? ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషి మీద కుళ్ళుకున్నాను. మంచుకు రెండు వేళ్ళు పోయాయని రాస్తే సౌజన్య రెండు రోజులు దిగులుగా తిరిగింది. నాకు జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోమంది. అన్నిటికన్నా నాకు మండింది ఒక్క మాట. "ఓడిపోయింది గూడ దాసుకోకుండ పెండ్లానికి రాస్తడు సూడు" అని మురిసిపోయేది.

ఎందుకు మండిందంటే, అప్పటికే నా ఉద్యోగం పోయింది. ప్రొబేషన్‌లోనే తీసేశారు. సౌజన్యకు చెప్పలేదు. రోజూ పొద్దున ఆమె కట్టిచ్చిన అన్నం డబ్బా బ్యాగులో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. లైబ్రరీలో అప్లికేషన్లు పంపేవాణ్ణి. మధ్యాహ్నం డాన్యూబ్ నది ఒడ్డున బెంచీ మీద డబ్బా తెరిస్తే ముద్ద దిగేది కాదు. ఖాళీ డబ్బా ఇంటికి తీసుకెళ్ళకపోతే అనుమానం వస్తుంది కదా. పెరుగన్నం బాతులకు వేసేవాణ్ణి. ఈ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి ఒక ఆదివారం సౌజన్య కిటికీ దగ్గర కూర్చుని కొత్త ఉత్తరం తీసింది. బావిలో నీళ్ళు పడ్డాయి. రెండు దూడలు చచ్చిపోయాయి. ఆ తర్వాత ఆమె గొంతు కాస్త తగ్గింది.

"మార్తా, పని పోయి ఇరవై ఆరు రోజులైంది. రోజూ పొద్దున సంచీ తగిలించుకుని వెళ్తున్నాను. నది ఒడ్డున కూర్చుంటున్నాను. తిండి లోపలికి పోవడం లేదు. డబ్బా ఖాళీగా ఇంటికి రావాలి కదా, బాతులకు వేస్తున్నాను. నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది."

చదివి చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఎంత కుమిలిపోయిండో" అంది.

ఒంటరిగా బతికే యోహాన్ ఖాళీ డబ్బా ఎవరికి చూపించాలి? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. సౌజన్యకు అంతా తెలిసిపోయిందని, ఉత్తరం అడ్డం పెట్టుకుని నన్ను పొడుస్తోందని అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అని అరిచాను.

"ఏంది?" అని తెల్లమొహం వేసింది.

ఇక ఆగలేదు, మొత్తం కక్కేశాను. ఆమె ఏడవలేదు. "ఎన్ని రోజులాయె?" అంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై ఆరు. ఆమె చేతిలో కాగితం వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. చివరికి, "రేపటి సంది డబ్బా కట్ట. ఇంట్లనే తిను" అంది.

నెల తర్వాత ఎర్లాంగెన్ నుంచి ఓనరమ్మ అన్నగారు వచ్చారు. రిటైరైన టీచరు, ఆ లిపి గడగడా చదువుతారు. మమ్మల్నీ కాఫీకి పిలిచారు. సౌజన్య అదే ఉత్తరం ఆయన చేతికిచ్చి, ఇంకోసారి వినాలని ఉందంది. ఆయన చదివారు. బావి, దూడలు, మంచు, పిల్లలకు ముద్దులు, సంతకం. అంతే.

సౌజన్య కాగితం లాక్కుని వేలు పెట్టి వరసగా చూసింది. లేదు. నోటుబుక్కు తెచ్చింది. ఆ ఉత్తరం ఆమె ఎత్తి రాసింది ఆ మర్నాడు. అందులోనూ దూడల తర్వాత నేరుగా మంచే ఉంది. కాగితం పోయిందేమో అనుకుందామంటే, యోహాన్ పేజీలకు నంబర్లు వేసేవాడు, నాలుగూ ఉన్నాయి. అన్నగారు ఓపిగ్గా చెప్పుల డబ్బా అంతా వెతికారు. "మా ముత్తాత పని లేదని రాసిన ఉత్తరం ఒక్కటి కూడా లేదమ్మా, మీరు పొరబడి ఉంటారు" అన్నారు.

పైకొచ్చాక సౌజన్యను అడిగాను, నీకు ముందే తెలుసా అని. "ఎరికైతే ఇరవై ఆరు రోజులు ఊకుంటనా నేను?" అంది. నిజమే, ఉండదు. ఇరవై ఆరు నిమిషాలు కూడా ఉండదు. నేనే విన్నట్టు భ్రమపడ్డానా అంటే, చదివిన మనిషికి కూడా ప్రతి మాటా గుర్తుంది. ఆ పేరా పేజీ మధ్యలో ఉందని, సిరా అక్కడ కాస్త అలుక్కుపోయిందని కూడా చెబుతుంది. ఆ పేజీలో అలుక్కుపోయిన చోటే లేదు.

ఇప్పుడు స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చకుండా వదిలేసింది నా జీవితంలో ఇదొక్కటే. ఎవరైనా అడిగితే సౌజన్య ఆ పేరా పొల్లుపోకుండా చెబుతుంది. చెబుతుంటే ఇప్పటికీ ఆమె కళ్ళు తడుస్తాయి. అదే సంగతి నేను చెప్పిన రోజు తడవలేదు.

ఆ మాటలు నావి. వాటిని ఆమెకు నాకంటే ముందు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఎదురుపడితే ఒక్కటి అడగాలని ఉంది. ఇరవై ఆరు రోజులు నా నోట్లోంచి రానిది, నువ్వు ఒక్క మధ్యాహ్నంలో అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగావు?