తలగడ ఎత్తున కిటికీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, రొట్టెల బండిని ఇల్లు చేసి చూడమని పెద్దలెవరూ అనలేదు. అనకపోయినా సీట్లమ్మ ఆ పనికి నడుం కట్టింది.

ఆవిడ అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. జుట్టు నెరిసేదాకా బస్సు డిపోలో సీట్లు కుట్టింది కాబట్టి సీట్లమ్మ. ఊళ్లో ఎవరు ఏ బస్సెక్కి ఎక్కడ కూర్చున్నా తన కుట్టు మీదే కూర్చున్నట్టని, కాస్త మెడ ఎత్తి మరీ చెప్పేది.

ఆ కుట్టు నేర్పింది పెద్దక్క. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది కూడా ఆవిడే. కుట్టు వంకరపోతే మొత్తం విప్పించి మళ్లీ కుట్టించేది. నోరు సూది, మనసు వెన్న. అలాంటి మనిషి మెట్ల మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. పడుకుంటే పరవాలేదు, కూర్చుంటే ప్రాణం పోయినంత నొప్పి. ఇక ఆవిడ లోకమంతా మంచమూ, పైన పెచ్చులూడిన కప్పూ. ఒక్కగానొక్క కూతురు కొండ మీది ఊళ్లో టీచరు. అక్కడే ఇల్లు కట్టుకుంది. తల్లికి ఆ ఇల్లు ఫోనులో చూపించబోతే, "ఫోనులో ఇల్లు చూడటం, ఫోనులో అన్నం తినడం రెండూ ఒకటేనే. తీసేయ్" అని మొహం తిప్పుకునేది.

సీట్లమ్మ మొగుడు బేకరీ వ్యాను డ్రైవరు. యజమాని కొత్త బండి కొనుక్కుని, పాతదాన్ని తుక్కు కింద పంపేస్తుంటే, మనసొప్పక ఇంటికి తోలుకొచ్చాడు. సీట్లమ్మ వెనక తలుపులు తెరిచి లోపలికి తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏవండీ, ఇందులో అక్క పడుకుని కూతురింటికి వెళ్లొచ్చు."

"ఇందులోనా? ఎండకి పెనం, చలికి ఐసుపెట్టె ఇది. వదినగారి నడుం సంగతి తెలిసే మాట్లాడుతున్నావా?"

"ఒట్టి ఇనప చట్రం మీద ఎవరైనా కూర్చుంటారా? స్పాంజి వేసి కుడితేనే కదా సీటయ్యేది. బండైనా అంతే."

అన్నదే తడవు, సీట్లకు వాడే స్పాంజిని రేకు గోడలకు దట్టంగా అతికించి, పైన రెక్సిన్ బిగించి కుట్టింది. లోపల మంచం వేసింది. పెళ్లిపందిరిలా ఉందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. పెద్దక్కను ఎక్కించే ముందు తామే ఒకసారి పడుకుని చూద్దామని, మంచి చలి రోజు చూసుకుని మొగుడూ పెళ్లాలు అందులోనే పడుకున్నారు.

తెల్లారేసరికి డ్రైవరు నుదుటి మీద టప్‌మని నీటిబొట్టు పడింది.

"వాన పడుతోందా ఏంటే?"

సీట్లమ్మ తలుపు తీసి చూసింది. బయట ఎండ. లోపల చెమ్మ. కుట్టు ఒకచోట విప్పి స్పాంజిని పిండితే గిన్నెడు నీళ్లు కారాయి. ఇద్దరూ రాత్రంతా వదిలిన ఊపిరే చల్లటి రేకుకు తగిలి నీరైపోయిందని అర్థమవడానికి కాస్త టైం పట్టింది. అనుభవమైతే గానీ తత్వం బోధపడదు మరి.

మర్నాడు సీట్లమ్మ పాల డిపో దగ్గరికెళ్లి, పాలు చెడకుండా చల్లగా ఉంచి తెచ్చే బండి తలుపు ముందు నిలబడింది.

"ఏం చూస్తున్నారమ్మా?" అన్నాడు ఆ బండి డ్రైవరు.

"మీ తలుపు మందం చూస్తున్నా నాయనా. మీది చెమ్మగిల్లదా?"

అతను నవ్వి, తలుపు అంచు ఊడిన చోట లోపలున్నది చూపించాడు. "స్పాంజి నీళ్లు తాగుతుందమ్మా. ఇదిగో, ఈ గట్టి ఫోమ్ పలకలు తాగవు. రేకుకి ఎక్కడా సందు లేకుండా అతికించాలి. తడిగాలి రేకుని ముట్టుకుందో, అయిపోయినట్టే!"

సీట్లమ్మ ఇంటికొచ్చి కత్తెర తీసుకుంది. సొంత కుట్టు విప్పుకోవడమంటే సొంత పన్ను పీక్కోవడమే. పళ్ల బిగువున అంతా విప్పేసింది. బండి మళ్లీ ఒట్టి డొక్కయింది.

"పోనీలేవే, వదిలేద్దాం" అన్నాడు మొగుడు.

"మీరు కాసేపు మంచం మీద పడుకోండి."

అతను పడుకున్నాడు. ఆవిడ తలగడ పక్కన రేకు మీద, అతని కళ్లకు ఎదురుగా, సుద్దముక్కతో గీత గీసింది.

"ఇక్కడ కిటికీ కొయ్యాలి. పడుకున్న మనిషికి రోడ్డు కనపడొద్దూ?"

"బండికి కన్నం పెడతావా!"

"పెట్టేది మీరే. నాకు రంపం పట్టడం రాదు."

ఈసారి తొందరపడలేదు. డ్రైవరు గీత వెంబడి కిటికీ కోసి అద్దం బిగించాడు. ఫోమ్ పలకల్ని గోడ వంపులకు తగ్గట్టు కోసి అతికించారు. అతుకుల మీద వెండిరంగు టేపు వేశారు. పలకల మీద చెక్క పట్టీలు, పట్టీల మీద పల్చటి ప్లైవుడ్. ఊపిరి బయటికి పోవడానికి కప్పులో చిన్న ఫ్యాను. పైకప్పుకు లేత పసుపురంగు మెత్తని గుడ్డ, దూది నింపి, గళ్లుగళ్లుగా కుట్టింది. అక్క కళ్లు రోజూ ఉండేది కప్పు మీదేనని ఆవిడకు తెలుసు. పరుపుకు సీటు బెల్టుల్లాంటి వెడల్పాటి పట్టీలు కుట్టింది, మలుపుల్లో మనిషి దొర్లిపోకుండా. మళ్లీ చలిలో పడుకుని చూశారు. పొద్దున్నే గోడంతా అరచేత్తో తడిమింది. పొడిగా, గోరువెచ్చగా ఉంది. డ్రైవరు ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు.

పెద్దక్కను స్ట్రెచరు మీద తెచ్చి వెనక తలుపులోంచి మంచం మీదికి జరిపారు. ఆవిడ కప్పును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. సీట్లమ్మ చిన్నప్పటిలా తీర్పు కోసం పక్కన నిలబడింది.

"ఏమే," అంది పెద్దక్క చివరికి, "ఎక్కడా వంకరపోలేదే!"

"విప్పి మళ్లీ కుట్టానక్కా."

"మరి? ఎవరి చెల్లెలివి!"

బండి కదిలింది. దారి పొడుగునా పెద్దక్క నోరు ఆగలేదు. అదుగో గొర్రెలు, అదుగో వంతెన, అదుగో ఎవరో గొడుగు తిరగేసి పట్టుకున్నాడు చూడండర్రా అంటూ ఒకటే గోల. డ్రైవరు అద్దంలో చూసి, "వదినా, నాకు దారి చెబుతున్నారా, సినిమా కథ చెబుతున్నారా?" అన్నాడు.

"నువ్వు ముందు చూసి నడుపు మరిదీ. పక్కలు నేను చూస్తాలే!"

కొండెక్కుతుంటే బయట చలి ముదిరింది. లోపల పెద్దక్క దుప్పటి కాళ్ల దాకా నెట్టేసింది.

కూతురు గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. తల్లిని చూసి ఏడుపు ఆపుకోలేకపోయింది. "పిన్నీ, బాబాయ్, అమ్మని నిజంగానే తీసుకొచ్చేశారా!" అంటూ ముగ్గుర్నీ వాటేసుకుంది. పెద్దక్క స్ట్రెచరు మీదే గదిగదీ తిరిగి చూసి, వంటగది చిన్నదైందని వంక పెట్టి, మురిసిపోయింది. మర్నాడు పొద్దున మాత్రం తనను బండిలోనే పడుకోబెట్టమని పట్టుబట్టింది. కారణం త్వరగానే తెలిసింది. వీధి వీధంతా బండిని చూడటానికి వస్తోంది.

సీట్లమ్మ టీ తీసుకొస్తూ బండి వెనక ఆగింది. లోపల అక్క గొంతు ఖంగున వినిపిస్తోంది.

"ముందు బయట రేకు మీద చెయ్యి పెట్టమ్మా. ఐసులా లేదూ? ఇప్పుడు లోపలి గోడ ముట్టుకో. చూశావా! మా చెల్లెలు చేసింది. కుట్టుపని నేను నేర్పాననుకో. అది వేరే సంగతి. కానీ ఈ కిటికీ ఉంది చూడు, ఇది నాకు కూడా తట్టేది కాదు."

టీ చల్లారిపోతున్నా సీట్లమ్మ లోపలికి వెళ్లలేదు. ఇంకొకరెవరో ఎక్కుతున్నారు. అక్క మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.