అక్కయమ్మ అడిగే మాట

బూదికోటలో ఎవరికైనా కడుపునొప్పి, వాంతులు అని తెలిస్తే అక్కయమ్మ పట్టుపురుగులకు ఆకు వేసే పని కూతురికి అప్పజెప్పి వాళ్లింటికి బయలుదేరుతుంది. మంచం పక్కన కూర్చుని, పొట్టమీద అరచెయ్యి ఆనించి, మగవాళ్లనైనా మొహమాటం లేకుండా "గాలి పోతా ఉండాదా?" అని అడుగుతుంది. పోవట్లేదని చెబితే ఆటో పిలిపించి తానే ఆస్పత్రికి తీసుకెళ్తుంది.

రెండేళ్ల కిందట ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. గాలి కూడా పోకుండా పొట్ట బిగుసుకుపోయి, తాగిన నీళ్లు కూడా కక్కుకుంటున్నా గ్యాస్ అనుకున్నారు. చివరికి కోలారులో ఆపరేషన్ చేసి, మూసుకుపోయిన పేగు ముక్క తీసేశారు. అడ్డుపడిన గడ్డ లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఇలాంటి గడ్డతో పేగు మూసుకుపోవడం అరుదని డాక్టరు వరండాలో అక్కయమ్మ కూతురు చైత్రకు చెబుతుంటే, లోపలినుంచి అక్కయమ్మ ఆయన్ను పిలిచింది.

"గడ్డ ఉండింది నా కడుపులో గదప్పా. నాకే చెప్పు."

ఆయన పక్కన కూర్చుని అంతా చెప్పాడు.

"మందు ఉండాదా?"

"ఉందమ్మా. కష్టపెడుతుంది, కానీ చాలామందికి నయమవుతుంది."

"ఇంగేం, మొదలుపెట్టు," అని అక్కయమ్మ, ఆయన వెనకే వచ్చిన చైత్ర కళ్లు తుడిచింది.

గడ్డ మళ్లీ కనబడలేదు. మందులకు రాలిన జుట్టు ఇప్పుడు పొట్టిగా, ఉంగరాలుగా వస్తోంది. అక్కయమ్మ దానిమీద కొంగు కప్పుకోదు. ఏమైందని అడిగినవాళ్లకు క్యాన్సర్ అని గట్టిగానే చెబుతుంది.