నావ కింద అసిరమ్మ

మా జాలరిపేటలో ఆడది చేపలు ఎండబెట్టొచ్చు. గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మొచ్చు. మొగుడు తాగి ఒడ్డున పడిపోతే కాళ్లు పట్టుకుని ఇంటికి ఈడ్చుకురావచ్చు. నావ మాత్రం ఎక్కకూడదు. ఎక్కితే గంగమ్మకు కోపం వస్తుందట. గంగమ్మా ఆడదే కదా, ఆవిడకు మా మీద కోపం దేనికో ఏ మగాడూ నాకు చెప్పలేదు.

అసిరమ్మది మా పక్కిల్లు. నన్ను వదినా అనేది. మనిషి జానెడు, నోరు మూరెడు. దాని మొగుడు ఎల్లారావుకు వాళ్ల నాన్న నాటి నావ ఒకటుండేది. చెక్కలను కొబ్బరితాళ్లతో కుట్టిన పాతకాలపు నావ. హార్బర్లో మరబోట్లు వచ్చాక ఎల్లారావు వాటి మీద కూలికి పోవడం మొదలెట్టాడు. నావ ఇసకలో పడి ఎండింది. వీధికుక్క ఈనడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. ఆడకుక్క ఎక్కితే గంగమ్మకు అభ్యంతరం లేదు కాబోలు.

ఎల్లారావు కూలి డబ్బులు కల్లుపాక దాటి ఇల్లు చేరేవి కావు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది అసిరమ్మ ఎండుచేపల గంప వల్లే. కానీ వానాకాలం వస్తే ఆ చేపలు దాచడానికి చోటు లేదు. ఉన్నది ఒక్క గది, అందులో సగం అత్త జోగమ్మ మంచం. డెబ్బై ఆరులో వానలకు ఎండబెట్టిన నెత్తళ్లు, సావిడాయిలు అన్నీ తడిసి పురుగు పట్టాయి. గంపలకు గంపలు తీసుకెళ్లి సముద్రంలో పారబోసింది. ఆ నెలంతా వాళ్లకు గంజే. ఇంకో వానాకాలం అలాగే పోతే అది కూడా ఉండదు. అప్పుడే అసిరమ్మ కన్ను నావ మీద పడింది.

"మావా, దాన్ని బోర్లా తిప్పి, కింద రాళ్ల గోడెట్టి లేపేత్తే సాల అయిపోద్ది. నా సేపలు అందులో దాసుకుంతాను" అంది.

ఎల్లారావు ఎన్నడూ లేనిది సరేనన్నాడు. మనుషుల్ని పిలిచి నావ తిప్పించాడు, గోడ పెట్టించాడు, ఒక పక్క తలుపుకు సందు వదిలించాడు. అసిరమ్మ గంపతో వచ్చేసరికి సందుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వెక్కడికే?"

"లోనికి."

"ఆడోలు నావలో అడుగెట్టకూడదు."

"నావలో ఏటి? నావ కింద కదా!"

"కిందైనా పైనైనా నావ నావే. అది నా తల్లిలాటిది."

"నీ తల్లి అక్కడ మంచం మీదుంది. ఆవిడికి గుక్కెడు టీనీలైనా ఇచ్చినావా ఏనాడైనా?"

ఎల్లారావు కదల్లేదు. మర్నాటి నుంచి ఆ తల్లిలాంటి నావ కింద పేకాట మొదలైంది. ఎల్లారావు, వాడి స్నేహితుడు వీర్రాజు, ఇంకో ఇద్దరు పనీపాటా లేనివాళ్లు. కల్లుముంతలు, బీడీలు, బూతులు. గంగమ్మ ఇవన్నీ ఓర్చుకుంది.

"ఊరుకుంతావేటే?" అన్నాను నేను.

"ఎండాకాలమే కదొదినా. తొందరేటి?" అంది, చేపలు తిరగేస్తూ.

ఎండకు నావ చెక్కలు కుదించుకుపోయి మధ్యన సందులు పడ్డాయి. ఒకరోజు అకాలపు వాన వచ్చి పేకముక్కలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇంటి కప్పు కారుతుంటే సత్తుగిన్నె కింద పెట్టని మగాళ్లను అప్పుడు చూడాలి! వీర్రాజు రోడ్డు పని మేస్త్రీని బతిమాలి డబ్బాడు తారు తెచ్చాడు. ఇద్దరు కూర్చుని కొబ్బరిపీచు సందుల్లో కూరారు. ఎల్లారావు పైకెక్కి నావ ఒళ్లంతా తారు పూశాడు. తలుపు బిగించారు, లోపల కూర్చోడానికి బల్లలు కొట్టారు. అసిరమ్మ వాళ్లకు మంచినీళ్లు కూడా ఇచ్చింది. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది.

తొలకరి మబ్బు పట్టిన రోజు ఇసక నిండా దాని చేపలే. చాపా, ముంతా, ఒక మార్పు చీరా చంకలో పెట్టుకుని అసిరమ్మ తిన్నగా నావ కిందకు దూరింది. పేకముక్కల మీదే చాప పరిచి కూర్చుంది.

"ఏటే ఇది? లెగు!" అని ఎల్లారావు అరిచాడు.

"లెగను. నాను ముట్టయినాను. ఇంట్లో అత్త మంచం కాడ కూకోకూడదు, అరుగు మీద తడిసిపోతాను. మూడ్రోజులూ ఇక్కడే."

ఆ రోజుల్లో ముట్టయిన మనిషి గాలి సోకితే మా మగాళ్లు వేటకు వెళ్లేవాళ్లు కాదు. వల ఖాళీగా వస్తుందని భయం. వీర్రాజు మర్నాడు బోటెక్కాల్సినవాడు. చెప్పులు వదిలేసి ఒకటే పరుగు, మైల పోవాలని లుంగీతో సహా వెళ్లి కెరటాల్లో పడుకున్నాడు. మిగతా ఇద్దరూ వాడి వెనకే.

ఎల్లారావు మాత్రం తలుపు బయటే నిలబడ్డాడు. "అబద్దం!" అన్నాడు.

"ఐతే మీ అమ్మనడుగు."

వాడు ఇంటికి నడిచాడు. తమాషా చూడ్డానికి నేనూ వెళ్లాను గానీ అబద్ధం బయటపడిపోతుందనే అనుకున్నాను. అసిరమ్మకు అది ఆగిపోయి అప్పటికి మూడేళ్లు. ఒకే గదిలో ఉండే అత్తకు తెలియకుండా ఉంటుందా? పైగా ఆ అత్తాకోడళ్లు పోట్లాడుకోని రోజు మా పేటలో లేదు.

"అమా, అది ముట్టయినానంతంది. నిజవేనా?"

జోగమ్మ కొడుకును చూసింది. గుమ్మంలోంచి మబ్బును చూసింది, ఇసక మీది చేపలను చూసింది.

"నిజవేరా. నీకేటి, గుడ్డలు సూపించాలా?"

ఎల్లారావు చెవులు మూసుకుని పారిపోయాడు. జోగమ్మ నా వైపు తిరిగింది. "నోరెల్లబెట్టి సూత్తావేటే గుంటా? ఎల్లి సేపలెత్తు. అవి తడిసిపోతే రేపు నాకు కూడెవులెడతారు?"

వాన కురిసేలోపు గంపలన్నీ నావ కిందకు చేర్చాం. ఒక్క చుక్క కారలేదు. ఎల్లారావు తారు అంత బాగా పూశాడు.

"ఇన్నేళ్లు కాపరం సేసినోడికి తెల్దేటే?" అన్నాను బల్ల మీద చేపలు సర్దుతూ.

"ఆడికి ఇంట్లో బియ్యం నిండుకున్నాయనే తెల్దు, ఇది తెలుత్తాదా?" అంది.

ఆ తర్వాత మళ్లీ పేక పరుద్దామని మగాళ్లు ఎప్పుడొచ్చినా అసిరమ్మ ముట్టే. ఆ సాల నుంచే చేపలు కట్టుకుని, ఉక్కునగరంలో క్వార్టర్లు వచ్చాక బస్సెక్కి అక్కడిదాకా వెళ్లి అమ్మింది. ఆ క్వార్టర్లలో ఉండే గోదావరి వైపు ఆడాళ్లు ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో చేపలు ఏరుకునేవారట. జోగమ్మ పోయేదాకా ఆ ఇంట్లో కూడు తప్పలేదు.

అరవై దాటిన ముసలిదానికి ముట్టేమిటని పేటలో అందరికీ అనుమానమే. పైకి అన్న మగాడు లేడు. ఎనభై ఎనిమిదిలో, వానాకాలం ఒకరోజు నేనూ అసిరమ్మా నావ కింద కూర్చుని ఉన్నాం. ఎల్లారావు గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చి తలుపు బయట నిలబడ్డాడు.

"అసిరీ, ఈయేల...?"

"అయినాను. దూరంగా ఉండు."

వాడు కాసేపు తడిశాడు. వెళ్లలేదు. వెనక దాచుకున్న చెయ్యి ముందుకు తెచ్చాడు.

"ఏటది?"

"సందువ. పెద్దది. నీకోసవే తెచ్చినాను."

అసిరమ్మ మెడ సాచి చేపను చూసింది, మొప్ప ఎత్తి చూపించమంది. ఎర్రగా ఉంది.

"ఐతే అవలేదు. కాళ్లు కడుక్కుని లోనికి రా."