ఏనుగు తిన్న పన్నెండు చీరలు

ఆఫ్రికా వెళ్లొచ్చినవాళ్లు సింహాన్ని చూశామనో, ఖడ్గమృగం తరిమిందనో చెబుతారు. నేను మాత్రం ఏనుగు లద్దెలో మా అమ్మ చీర వెతికాను. అప్పుడే నవ్వకండి, కొంప మునిగే దగ్గరికి ఇంకా రాలేదు.

సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయిన రోజులవి. పొట్ట చేతబట్టుకుని టాంజానియాలో బోరు బండి మీద పనికి పోయాను. సెలవు రోజుల్లో, జంతువుల పార్కు పక్క పల్లెలో చెడిపోయిన చేతిపంపులు ఊరికే బాగుచేసి పెట్టేవాళ్లం, నేనూ కోరుట్ల గంగారామన్నా. అక్కడి భాష వచ్చింది ఆయనకే.

ఆ ఊళ్లో రెహెమా అనే ఆమె మక్కచేను ఏటా ఏనుగుల పాలవుతోంది. భర్త పని వెతుక్కుంటూ వలస పోయాడు. ఈసారి పంట కూడా పోతే పిల్లల్ని తీసుకుని తనూ ఊరు విడవాల్సిందే. వినగానే నా గుండె కరిగింది. బుర్ర కూడా కరిగిందని తర్వాత తెలిసింది.

"మన దిక్కు చేను సుట్టూ పాత చీరలు కడ్తరు గదనే. మనుషులున్నరనుకొని అడివిపందులు రావు" అన్నాను.

"పంది వేరు, ఏనుగు వేరు తమ్మీ" అన్నాడు గంగారామన్న.

"జర పెద్ద పంది అనుకోరాదే."

అమ్మకు ఫోన్ చేశాను. ఆమె వాడకట్టంతా తిరిగి పన్నెండు చీరలు పోగేసి, మా బోరు బండి మీద పనికి కొత్తగా వస్తున్న మనిషితో పంపింది. "నా ఎర్రచీర గూడ ఏసిన కొడుకా, పైలం" అంది.

చేను చుట్టూ కర్రలు పాతి కట్టాం. తెల్లారి వెళ్లి చూస్తే కర్రలున్నాయి, చీరల్లేవు.

"ఏనుగులు తిన్నయే" అని నెత్తి పట్టుకున్నాను.

"ముడులు గింత మంచిగ ఇప్పి తింటయారా?"

"తొండం ఉన్నది గదనే."

పరుగున పార్కు ఆఫీసుకెళ్లి చెప్పాను. అక్కడి అధికారి అదిరిపడి, పశువుల డాక్టరును వెంటేసుకుని జీపు తీశాడు. అన్ని చీరలు మింగిన ఏనుగు బతకదట. ముందు ఆధారం కావాలన్నాడు. ఆధారం అంటే ఏమిటో మీకు ముందే చెప్పాను. మధ్యాహ్నం దాకా ఎండలో పుల్లతో కెలికితే జరీ పోగు కూడా దొరకలేదు.

ఊళ్లోకి తిరిగొస్తుంటే పన్నెండు మంది ఆడవాళ్లు రేకుడబ్బాలు పట్టుకుని ఎదురొచ్చారు. ఒకామె చీరను నడుముకు చుట్టింది, ఒకామె దాంతో పసివాణ్ణి వీపుకు కట్టుకుంది. అమ్మ ఎర్రచీర రెహెమా భుజం మీదుంది. ఆమె నన్ను చూసి గబగబా ఏదో అంది.

గంగారామన్న నవ్వాపుకుంటూ చెప్పాడు. "గింత మంచి బట్ట కట్టెలకు కడ్తరా, బుద్ధున్నదా అంటున్నది. తలా ఒక చీర ఇచ్చి కావలికి మాట్లాడుకున్నదట. వంతులేసుకొని డబ్బలు కొడ్తరట."

అప్పుడు అధికారి నన్ను చూసిన చూపు ఆ అడవిలో ఏ మృగమూ చూడలేదు.

ఆ ఏడు కంకులు ఇంటికి చేరాయి. రెహెమా ఊరు విడవలేదు. ఆ ఎర్రచీరతో ఆమెను అమ్మకు ఫోన్లో చూపించినప్పుడు సంతోషంతో నా కళ్లు చెమర్చాయి.

"నా కంటె ఆమెకే మంచిగున్నది" అంది అమ్మ.

మనుషులకు చూపించకుండా ఏ చీరనూ కర్రకు కట్టననీ, విప్పిన ముడి చూసి ఏ ఏనుగునూ అనుమానించననీ జీపు దిగిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. అమ్మ ఎర్రచీర మీద చెయ్యి వేసి మరీ పెడదామనుకున్నాను గానీ, ముందు చేతులు కడుక్కుని రమ్మంది రెహెమా.